మాజీ సైనికుడూ, పాల ట్యాంకరూ: జీతమా, కిలోమీటరు రేటా, సొంత బండా?

లెక్కల తనిఖీకి సంఘాలకు పోయినప్పుడు సభ్యులు మమ్ములను అడిగే ప్రశ్నలు సాధారణంగా వెన్న శాతం గురించో, బోనసు గురించో ఉంటాయి. ఈ మధ్య ఒక సంఘంలో సాయంత్రపు పాల సేకరణ ముగిసి, క్యాన్లు కడుగుతున్న వేళ ఒక పెద్దాయన వచ్చి మా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఇరవై ఏళ్ల నుంచి సంఘ సభ్యులు. రెండు గేదెలు, ఒక ఆవు ఉన్నవి. ఆయన అడిగినది వేరే ప్రశ్న.

"ఇన్‌స్పెక్టరు గారూ, మా పెద్దవాడు మిలిటరీ నుంచి వచ్చేస్తున్నాడండీ. అక్కడ పదిహేడేళ్లు బండి నడిపినవాడే. ఇక్కడ పాల ట్యాంకరు మీద నెల జీతానికి రమ్మని ఒకరు, కిలోమీటరుకింత ఇస్తామని ఇంకొకరు అడుగుతున్నారు. ఫైనాన్సు వాళ్లేమో ట్యాంకరే కొనుక్కో, వచ్చే డబ్బులో కొంత ముందు కడితే చాలునంటున్నారు. ఏది మేలో మీరు చెప్పండి."

ఆ పూట మేము నోటికి వచ్చిన సలహా చెప్పి లేచిపోలేదు. కాగితం మీద లెక్క వేసి చెబుతామని వచ్చినాము. ఆ లెక్కే ఈ వ్యాసము. ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదని మా అభిప్రాయం. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరమని పేరుబడ్డ ఊరు మొదలుకొని మన జిల్లాలలో చాలా ఊళ్ల నుంచి పిల్లలు సైన్యానికి పోతున్నారు. తిరిగి వచ్చినవారిలో పలువురు స్టీరింగు పట్టుకుంటున్నారు. వారు నడిపే ట్యాంకరులో ఉండేవి మన పాలు. కనుక ఈ ప్రశ్నకు తండ్రిగా ఒక జవాబు, సంఘ సభ్యునిగా ఇంకొక జవాబు ఉండజాలదు.

ముందుగా ఇంటికి వచ్చే మనిషి చేతిలో ఏమున్నదో చూడాలి. పాత పద్ధతిలో చేరిన జవానుకు కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉంటే పెన్షను వస్తుంది. అది చివరి జీతంలో సగం. ఆ పెన్షనులో సగం వరకు ఒకేసారి మొత్తంగా తీసుకునే వీలున్నది. అట్లా తీసుకున్న భాగం మళ్లీ పెన్షనులో కలిసేది 15 ఏళ్ల తరువాత. గ్రాట్యుటీ వేరే. వైద్యానికి 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉన్నది. వయస్సు నలభైకి లోపలో, కొంచెం అటూ ఇటూనో ఉంటుంది. అంటే ఇంకా ఇరవై ఏళ్ల పని వయస్సు మిగిలి ఉన్నది.

2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో చేరినవారి సంగతి పూర్తిగా వేరు. నాలుగేళ్ల సర్వీసు. నూటికి 25 మందికి మించకుండా సైన్యంలో ఉంచుకుంటారు. మిగిలినవారికి సేవానిధి పేరుతో సుమారు రూ. 11.71 లక్షలు వస్తాయి. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు పోయిన మొదటి జట్టుకు నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. పాతికేళ్ల లోపు కుర్రవాని బ్యాంకు ఖాతాలో ఒకేసారి పది పన్నెండు లక్షలు పడితే మొదట గుమ్మం తొక్కేది చుట్టాలు కారు, బండి ఏజెంట్లు.

ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. పెన్షను ఉన్నవానికి ఒక నెల కిరాయి సరిగా రాకపోయినా పొయ్యి వెలుగుతుంది. సేవానిధి తప్ప వేరే ఆధారం లేనివానికి అది ఆరిపోతుంది.

ఇక పనితనం. సైన్యంలో సరుకులు, సరంజామా మోసే బాధ్యత ప్రధానంగా ఆర్మీ సర్వీస్ కోర్‌ది. దాని శిక్షణ కేంద్రం బెంగళూరులో ఉన్నది. బండ్ల మరమ్మత్తు నేర్పే ఇ.ఎం.ఇ. వారి కేంద్రం మన సికిందరాబాదులోనే ఉన్నది. జబల్పూరు ఫ్యాక్టరీలో తయారైన శక్తిమాన్ లారీలను పాతతరం వారు, స్టాలియన్ లారీలను ఇప్పటివారు కొండదారులలో, మంచులో నడిపినారు. అక్కడ బండి తాళం చేతికి ఇచ్చే ముందు ఉదయం తనిఖీ, దారిలో ఆగినచోట తనిఖీ, సాయంత్రం బండి నిలిపిన తరువాత తనిఖీ తప్పనిసరి. టైరు గాలి, బ్రేకు, రేడియేటరు నీరు, ఆయిలు చూసి పుస్తకంలో రాయాలి. ఎన్ని కిలోమీటర్లు, ఏ పని మీద, ఎవరి ఉత్తర్వు మీద అన్నది కాగితం మీద లేకుండా బండి గేటు దాటదు. ఈ రాసే అలవాటు ఎంత విలువైనదో ముందు చెప్పబోతున్నాము.

అయితే సైన్యంలో డ్రైవరుకు తెలియని సంగతి ఒకటి ఉన్నది. అక్కడ బండి కదిలినా జీతమే, నిలిచినా జీతమే. మంచు పడి కాన్వాయి రెండు రోజులు ఆగిపోతే ఒక రూపాయి తగ్గదు. బయట అట్లా కాదు. బయట డ్రైవరు ఉద్యోగంలో అసలు ప్రశ్న "రేటు ఎంత" అనేది కాదు, "బండి ఆగి ఉన్న గంట ఎవరిది" అనేది. ఈ ఒక్కటి పట్టుకుంటే తక్కిన లెక్కంతా తేలికగా తెలుస్తుంది.

లైసెన్సు మాట ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతాము. విడుదల కాకముందే, రవాణా వాహనం నడిపే లైసెన్సు చేతిలో ఉన్నదా, గడువు ఎంత ఉన్నది అనేది చూసుకోవాలి. 2019 సవరణ తరువాత ఆ లైసెన్సు 5 ఏళ్లకొకసారి తిరగరాయించుకోవాలి. అప్పటికి ముందు 3 ఏళ్లే ఉండేది. విడుదలకు ముందు ఇచ్చే పునరావాస శిక్షణ కోర్సుల వివరం యూనిట్‌లో, తరువాత సంగతులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. సిగ్గుపడకుండా పోయి అడగాలి.

ఇప్పుడు జీతం పద్ధతులు. మా సర్కిల్‌లో పాల ట్యాంకర్ల మీద మేము చూసినవి ఇవి: నెల జీతం, దానిపై రోజు బత్తా, కిలోమీటరుకు ఇంత, ట్రిప్పు ఖర్చంతా ముందే చేతిలో పెట్టి మిగిలినది నీదే అనడం, కిరాయిలో వంతు. చివరిది సొంత బండి.

కిరాయిలో వంతు అనేది సరుకు లారీల పద్ధతి. పోయేటప్పుడు ఒక లోడు, వచ్చేటప్పుడు ఇంకొక లోడు దొరికే దారులలో అది బాగానే నడుస్తుంది. పాల ట్యాంకరుకు తిరుగు లోడు ఉండదు. పాలు పోసే తొట్టిలో మరొక సరుకు పోయరాదు, పోయనీయరు. కనుక ట్యాంకరు ఎప్పుడూ సగం దారి ఖాళీగానే తిరుగుతుంది. కిలోమీటరు రేటు చెప్పే యజమానిని అందుకే మొదట అడగవలసినది: పోయే కిలోమీటర్లకా, రానుపోనూనా? నాలుగు రూపాయలని చెప్పి పోయే దారికే లెక్క కట్టితే అది రెండు రూపాయలే.

ట్రిప్పు ఖర్చు మొత్తంగా చేతిలో పెట్టే పద్ధతి మాకు నచ్చనిది. డీజిలు మిగిల్చితే డ్రైవరుకు లాభం. అందుకని దిగుడు రోడ్డులో గేరు తీసి న్యూట్రల్‌లో వదలుతారు. టోలు తప్పించుకోవడానికి గుంటల దారిన పోతారు. గుంటల దారిన ఒక గంట ఆలస్యమయితే మన పాల చల్లదనం దిగజారుతుంది. పైసా మిగిలేది ఒకరికి, పోయేది రెండు వందల కుటుంబాలకు.

ఇక మిగిలినవి రెండు, జీతమూ కిలోమీటరు రేటూ. వీటిని పోల్చడానికి ఒక ఊహాలెక్క వేస్తున్నాము. అంకెలు మేము లెక్క కోసం వేసుకున్నవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోవచ్చును. శీతలీకరణ కేంద్రం నుంచి డెయిరీకి 110 కిలోమీటర్లు, రానుపోనూ 220. నడపడానికి 6 గంటలు, పాలు ఎక్కించి దించడానికి 2 గంటలు. డ్రైవరుకు కిలోమీటరుకు రూ. 4 అయితే ట్రిప్పుకు రూ. 880. ఎనిమిది గంటల పనికి గంటకు రూ. 110 పడుతుంది. వినడానికి బాగున్నది.

కాని ట్యాంకరు డెయిరీ గేటు చేరగానే పాలు దిగవు. ముందు తూకం. తరువాత పాలు కలియబెట్టి శాంపిలు తీస్తారు. ప్రయోగశాలలో ఉష్ణోగ్రత, ఆమ్లత, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తారు. మరగబెడితే విరుగుతాయా అని చూస్తారు. కల్తీ పరీక్షలు చేస్తారు. అన్నీ సరిపోతే గొట్టం తగిలించి దించుతారు. ఆ పైన తొట్టిని నీటితో, కాస్టిక్ సోడా ద్రావణంతో, వేడినీటితో కడగాలి. మళ్లీ ఖాళీ తూకం. ఇదంతా ఉండవలసినదే. ఇందులో ఏ ఒక్కటి తీసివేయమని మేము అనడం లేదు. అయితే చలికాలంలో గేదెపాలు పొంగివచ్చే నెలలలో ముందు పది ట్యాంకర్లు నిలిచి ఉంటాయి. మన డ్రైవరుకు ఇంకొక అయిదు గంటలు గేటు బయట గడిచినవనుకోండి. అదే రూ. 880ని ఇప్పుడు 13 గంటలకు పంచాలి. గంటకు రూ. 68 కూడ పడదు. అతడు నిద్రపోలేదు, ఇంటికి పోలేదు, బండి వదలలేదు. వరుస కదిలినప్పుడల్లా పది గజాలు ముందుకు జరిపినాడు. ఆ పది గజాలకు ఏ రేటూ లేదు.

నెల మొత్తం మీద 26 ట్రిప్పులు పడితే రూ. 22,880. గేటు దగ్గర ఆలస్యాలవల్ల 20 ట్రిప్పులే పడితే రూ. 17,600. నెల జీతం రూ. 18,000, రోజుకు బత్తా రూ. 250 అనుకుంటే 26 రోజులకు రూ. 24,500. బండి ఆగినా ఇదే, నడిచినా ఇదే. బత్తాలో సగం దారి భోజనాలకు పోయిందనుకున్నా రూ. 21,250 ఇంటికి చేరుతుంది. కిలోమీటరు రేటువాడు కూడ దారిలో భోజనం చేయవలసినదే కదా. అతని రూ. 22,880లో నుంచి అంతే తీసివేస్తే రూ. 19,630 మిగులుతుంది, అదీ బాగా నడిచిన నెలలో.

జీతం చెప్పే యజమానిని కూడ రెండు ప్రశ్నలు అడగాలి. అసలు జీతం తక్కువగా రాసి బత్తా ఎక్కువగా చూపుతున్నారా? అట్లా చూపితే ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ తక్కువ మొత్తం మీద లెక్కిస్తారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడు ప్రకారం ఇట్టి భత్యాలు మొత్తంలో సగానికి మించితే మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. రెండవది, నెలకు సెలవు రోజులు ఎన్ని? పాలకు ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. మనిషికి ఉండాలి.

గేటు దగ్గర గంటలకు కూలి లేకపోవడమనే బాధ మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో సైన్యం నుంచి విడుదలయ్యేవారిని లారీ కంపెనీలు వెతికి మరీ చేర్చుకుంటాయి. సైన్యంలో భారీ వాహనాలు రెండేళ్లు నడిపినవారికి, విడుదలైన ఏడాది లోపల దరఖాస్తు చేసుకుంటే, బండి నడిపి చూపే పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చే వీలున్నది. అనుమతి పొందిన అప్రెంటిసుగా చేరితే కంపెనీ జీతానికి తోడు ప్రభుత్వం ఇంటి అద్దె భత్యం ఇస్తుంది. 2001 తరువాతి సైనికుల చదువు పథకం కింద ఇది మొదటి ఆరు నెలలు పూర్తిగా, తరువాతి ఆరు నెలలు 80 శాతం, ఆ పైన 60, 40, చివరకు 20 శాతానికి దిగుతుంది. పని నేర్చినకొద్దీ కంపెనీ జీతం పెరగాలి, ప్రభుత్వపు చేయూత తగ్గాలి అన్నది దాని ఉద్దేశం. మంచి ఏర్పాటే. ఇంత చేసినవారు కూడ గేటు దగ్గరి గంటలను సరిచేయలేకపోయినారు. అక్కడ దూరప్రయాణపు లారీలలో మైలుకింత అనే పద్ధతి ఎక్కువ. వారి 1938 నాటి కార్మిక చట్టంలోని ఓవర్‌టైము నియమం రాష్ట్రాల మధ్య తిరిగే లారీ డ్రైవర్లలో ఎక్కువమందికి వర్తించదు.

అక్కడే ఇంకొక పద్ధతి ఉన్నది. కంపెనీయే తన లారీని డ్రైవరుకు వాయిదాల మీద ఇస్తుంది. వాయిదా, బీమా, మరమ్మత్తు అతని కిరాయిలో పట్టుకుంటుంది. లోడు ఇవ్వడమూ మానడమూ ఆ కంపెనీ చేతిలోనే ఉంటుంది. వారాంతానికి చీటీ చూసుకుంటే డ్రైవరే కంపెనీకి బాకీ పడిన సందర్భాలు ఉన్నవి. ఈ పద్ధతిని విచారించడానికి అక్కడి ప్రభుత్వం వేసిన సంఘం, దీనిని నిషేధించాలని 2025 జనవరిలో సిఫారసు చేసింది. మన దగ్గర "బండి మీది, పని మాది" అని చెప్పేవారి మాటలు విన్నప్పుడు మాకు ఆ సిఫారసు గుర్తుకు వస్తుంది.

సొంత బండి లెక్కకు వద్దాము. ఇది కొంచెం ఓపికగా చదవగోరుతున్నాము, ఎందుకనగా ఇక్కడ పోయేది ఒక నెల జీతం కాదు, జీవితకాలపు మొత్తం.

చాసిస్, తొట్టి కలిపి ట్యాంకరు ధర రూ. 30 లక్షలనుకుందాము. చేతి నుంచి 8 లక్షలు, అప్పు 22 లక్షలు. అయిదేళ్లు, నూటికి 11 వడ్డీ అయితే నెల వాయిదా సుమారు రూ. 47,800. పాలు రోజూ ఉంటాయి కనుక నెలకు 30 రోజులు, 6,600 కిలోమీటర్లు. లీటరు డీజిలుకు 5 కిలోమీటర్ల చొప్పున 1,320 లీటర్లు, లీటరు రూ. 95 వేసుకుంటే రూ. 1,25,400. టైర్ల అరుగుదలకు కిలోమీటరుకు 2 రూపాయల వంతున రూ. 13,200. సర్వీసు, మరమ్మత్తులు రూ. 9,900. బీమా, పన్ను, ఫిట్‌నెస్, పర్మిటు నెలకు సర్ది రూ. 8,000. టోలు రూ. 6,000. క్లీనరుకు రూ. 9,000. మొత్తం ఖర్చు రూ. 2,19,300.

కాంట్రాక్టు రేటు కిలోమీటరుకు రూ. 36 వస్తే రాబడి రూ. 2,37,600. మిగులు రూ. 18,300. పైన చెప్పిన జీతగానికి రూ. 24,500 వచ్చినవి, పైసా పెట్టుబడి లేకుండ. అదీకాక ఈ 8 లక్షలు ఏడు శాతం వడ్డీకి పెట్టుకుని ఉంటే నెలకు సుమారు రూ. 4,660 వచ్చి ఉండేవి. అంటే నెలకు ముప్పది రోజులూ బండి నడిపి, అప్పు భారం మోసి, నిజంగా మిగిలేది పదమూడు పద్నాలుగు వేలు. ఇందులో జ్వరం వచ్చి పడుకుంటే బదులు డ్రైవరుకు ఇచ్చే కూలి మేము వేయలేదు.

టెండరులో పోటీ పడి ఎవరో రూ. 34కు వేసినారని తానూ వేస్తే మిగులు రూ. 5,100. ఒక్క రూపాయి రేటు తగ్గడమంటే నెలకు రూ. 6,600 పోవడమే. డీజిలు లీటరుకు 5 రూపాయలు పెరిగినా సరిగ్గా అంతే పోతుంది. ఈ రెండు లెక్కలూ సమానమని గుర్తుంచుకుంటే చాలు, ఏ టెండరునైనా నిమిషంలో తూచవచ్చును.

సొంత బండి ఎప్పుడూ నష్టమేనని మేము చెప్పడం లేదు. అయిదేళ్లు తట్టుకుని అప్పు తీర్చినవానికి ఆ రూ. 47,800 ఇంట్లోనే ఉంటుంది, అప్పుడు అతడు యజమానే. చిక్కు ఎక్కడున్నదంటే, కాంట్రాక్టులు ఒకటి రెండు సంవత్సరాలకు ఇస్తారు, అప్పు అయిదేళ్లది. మూడవ ఏట కాంట్రాక్టు ఇంకొకరికి పోతే, సరుకు లారీకి వేరే లోడు దొరుకుతుంది, తొట్టి కట్టిన బండికి పాలు తప్ప మరేదీ దొరకదు. మేము చూసిన జప్తులలో ఎక్కువ భాగం రెండవ కాంట్రాక్టు దొరకని ఏట జరిగినవే. వాటిలో ఒకదానిలో తండ్రి గేదెలు కొనడానికని తీసుకున్న అప్పు కూడ బండి ముందు సొమ్ములోకి పోయింది. బండి పోయింది, కొట్టంలో గేదె లేదు, సంఘంలో ఆయన పుస్తకం ఏడాదిన్నర ఖాళీగా ఉన్నది. అప్పు మంజూరు చేసిన పాలకవర్గం పశువును కంటితో చూడలేదు. తనిఖీలో మేమూ ఆలస్యంగా పట్టుకున్నాము.

కాబట్టి ఆ పెద్దాయనకు మేము రాసి ఇచ్చినది ఇట్లా ఉన్నది. మొదటి ఏడాది రెండేళ్లు నెల జీతానికే పోనివ్వండి. దారి, డెయిరీ గేటు, మెకానిక్కు, టైర్ల కొట్టు, టెండరు పద్ధతి అన్నీ వేరొకరి బండి మీద తెలుసుకుంటాడు. వచ్చిన మొత్తంలో సగానికి మించి ఏ బండిలోనూ పెట్టవద్దు. పెన్షనులో ఒకేసారి తీసుకున్న భాగం 15 ఏళ్ల దాకా తిరిగి రాదని మరువవద్దు. అప్పుకు మీ పొలం హామీ పెట్టవద్దు. పిల్లవాడు అగ్నివీరుడయితే బండి మాట మూడేళ్లు ఎత్తవద్దని రాసేవారము.

డ్రైవరు పని కాకుండా పాల పనిలోనే మాజీ సైనికులకు ఇంకొక దారి ఉన్నదని కొందరికి తెలియదు. ఢిల్లీలో 1974లో ఏర్పడిన మదర్ డెయిరీ తన పాల బూత్‌లను అమ్మకం మీద కమీషను పద్ధతిలో మాజీ సైనికులకు అప్పగిస్తూ వచ్చింది. రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేటు ద్వారా ఎంపిక జరుగుతుంది. 2020లో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల రైళ్లు నడిచినప్పుడు మన చిత్తూరు వైపు పాలు అక్కడికే చేరినవి. అక్కడికి పోగలిగినవారు దానినీ విచారించవచ్చును.

ఇప్పుడు రాసే అలవాటు విలువ గురించి చెబుతామన్న మాట. ఒక శీతలీకరణ కేంద్రం నుంచి పోయే ట్యాంకరు మీద ఒక మాజీ హవల్దారు జీతానికి ఉన్నారు. వరుసగా రెండు ట్రిప్పులలో 262 లీటర్ల చొప్పున పాలు తగ్గినవని, లీటరు రూ. 45 వంతున ఒక్కొక్క ట్రిప్పుకు రూ. 11,790 ఆయన జీతంలో పట్టుకోవాలని కాగితం వచ్చింది. దారిలో పాలు అమ్ముకున్నాడని ఊళ్లో మాట కూడ పుట్టింది. పదిహేడేళ్లు సైన్యంలో ఉండి వచ్చిన మనిషికి డబ్బు కంటె ఆ మాట ఎక్కువ నొప్పి. ఆయన మా దగ్గరకు వచ్చి తన సొంత నోటు పుస్తకం పెట్టినారు. బయలుదేరిన వేళ, సీలు నంబరు, కొలత కడ్డీ రీడింగు, ఉష్ణోగ్రత, ఆగిన ప్రతి చోటు, డెయిరీ గేటు చేరిన వేళ, తూకం, గేటు దాటిన వేళ అన్నీ రాసి ఉన్నవి. సీళ్లు రెండు చోట్లా సరిపోయినవి.

చలానులు తిరగేస్తే సంగతి తేలింది. లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువు. కేంద్రంలో తూకం చూసి 9,000 అని రాసిన గుమాస్తా, కిలోలని రాయవలసిన గడిలో కాక లీటర్ల గడిలో రాసినాడు. డెయిరీలో అవే 9,000 కిలోలు దిగినవి. వారు 1.03తో భాగించి 8,738 లీటర్లని లెక్క కట్టినారు. తేడా 262. ఒక్క చుక్క కూడ దారిలో పోలేదు. డబ్బు పట్టుకోవడం రద్దయింది. ఆ నోటు పుస్తకమే లేకపోతే మేము ఆ రెండు చలానులను పక్కపక్కన పెట్టి చూసి ఉండేవారము కామని ఒప్పుకోవాలి.

ఈ సందర్భంలోనే సంఘాల, యూనియన్ల పాలకవర్గాలు చేయవలసినది ఉన్నది. ట్యాంకరు కిరాయి ఒప్పందం రాసేది మీరు. తక్కువ రేటు వేసినవానికి ఇచ్చి ఊరుకుంటే, ఆ తక్కువ ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించాలి. డ్రైవరు నిద్రలో నుంచి వస్తుంది, టైరు అరుగుదలలో నుంచి వస్తుంది, లేదా పాలలో నుంచి వస్తుంది. ఇన్సులేషను ఉన్న తొట్టి చల్లదనాన్ని కొంతసేపు కాపాడగలదే గాని కొత్తగా చల్లబరచలేదు. 4 డిగ్రీల దగ్గర ఎక్కించిన పాలు నడివేసవిలో గేటు బయట గంటల తరబడి నిలిస్తే, విరిగిన పాలకు ఎవరు బాధ్యులు? మేము చూసిన ఒప్పందాలలో చాలావాటిలో "రవాణాదారుడు" అని ఒక్క మాట మాత్రమే ఉన్నది. ఆలస్యం దారిలో జరిగితే అది న్యాయమే. బండి వేళకు గేటు చేరి, చేరిన వేళ రిజిస్టరులో పడి, ఆ తరువాత పాలు చెడితే అది అతని మీద వేయడం న్యాయం కాదు. ఈ రెంటినీ విడదీసి రాయాలి.

అట్లే గేటు చేరిన తరువాత మొదటి రెండు గంటలు రేటులోనే కలిసినవనీ, ఆ పైన ప్రతి గంటకు ఇంత అనీ రాయవచ్చును. అందులో డ్రైవరుకు చేరవలసిన భాగం కూడ రాయాలి, లేకుంటే అది యజమాని దగ్గరే నిలిచిపోతుంది. డీజిలు ధర టెండరు నాటికి ఎంతో రాసి, అయిదు రూపాయలు పెరిగితే కిలోమీటరుకు రూపాయి పెంచడం, తగ్గితే తగ్గించడం పెట్టవచ్చును. చలానులో కిలోలు, లీటర్లు రెండూ రాసే గడులు ఉండాలి. కాంట్రాక్టు మూడేళ్లకు తక్కువ కాకుండా ఇస్తే సొంత బండివానికి బ్యాంకు దగ్గర మాట చెల్లుతుంది.

పని గంటల సంగతి కూడ ఒప్పందంలో ఉండాలి. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని చెప్పింది. దూరపు మార్గాలకు 10 గంటల వరకు అనుమతించింది. అయిదు గంటల పని తరువాత అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. ఇప్పుడు ఆ చట్టం 2025 నవంబరులో అమలయిన కార్మిక కోడులలో కలిసిపోయినది. రోజుకు 8 గంటలు, అదనపు గంటకు రెట్టింపు వేతనం అన్న సూత్రం వాటిలోనూ ఉన్నది. గేటు బయట గడిపిన అయిదు గంటలు విశ్రాంతి కాదు. పదమూడు గంటలు అయినవాని చేతికి తిరుగు ప్రయాణానికి తాళం ఇవ్వరాదు. రెండవ డ్రైవరుకయ్యే ఖర్చు ఎక్కువని ఒక అధ్యక్షులు మాతో వాదించినారు. పల్టీ కొట్టిన ట్యాంకరులో తొమ్మిది వేల లీటర్ల ధర ఎంతో ఆయననే లెక్క వేయమన్నాము.

బీమా గురించి ఒక మాట. సొంత బండి తానే నడిపే యజమానికి 2018 నుంచి రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి అయింది. జీతపు డ్రైవరుకు అది వర్తించదు. అతనికి యజమాని పాలసీలో డ్రైవరు బాధ్యతకు వేరుగా కొద్దిపాటి ప్రీమియం కట్టి ఉండాలి. చేరే ముందు పాలసీ కాగితం చూపమని అడగడం తప్పు కాదు. చూపనివాని దగ్గర చేరకపోవడం మంచిది.

పెద్దాయన కొడుకు వచ్చి నాలుగు నెలలయింది. మేము రాసి ఇచ్చిన కాగితాన్ని తండ్రీ కొడుకులు ఇద్దరూ చదివినారట. ప్రస్తుతం నెల జీతం మీద ట్యాంకరు నడుపుతున్నాడు. మొన్న ఆ సంఘానికి పోయినప్పుడు అతనే ట్యాంకరు దిగి వచ్చి పలకరించినాడు. వచ్చే ఏడు టెండరు పడుతుందట, సొంతంగా వేస్తావా అని అడిగినాము. "ముందు ఒప్పందం నకలు ఇప్పించండి సార్. గేటు దగ్గర గంటల సంగతి అందులో ఏమని రాశారో చూసి చెబుతాను" అన్నాడు. నకలు కార్యదర్శి దగ్గర ఉన్నది. సంఘం వారి తదుపరి సమావేశం 12వ తేదీన.